మామిడి అయిపోయాక వాక్కాయ

ఆషాఢం వచ్చేసరికి రెడ్డిగూడెం మామిడి తోటలు ఖాళీ అయిపోతాయి. బంగినపల్లి ఎప్పుడో నున్న మార్కెట్టు మీదుగా ఉత్తరాదికి వెళ్ళిపోయి ఉంటుంది. రసాలు తిన్నవాళ్ళు తిన్నారు, ఆవకాయ జాడీల్లోకి చేరింది. కాపలా గుడిసెల్లో మనిషి ఉండడు. ఈ తోటలు చూడాలనుకునేవాళ్ళు ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో వస్తారు. నేను పనిగట్టుకుని జూలైలో వెళ్ళాను. తోట చుట్టూ ఉండే వాక్కాయ కంచె కాపుకు వచ్చేది అప్పుడే.

విజయవాడ నెహ్రూ బస్టాండులో మైలవరం బస్సెక్కితే గొల్లపూడి తర్వాత ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు, వాటి వెనకే కొండపల్లి కొండ. బొమ్మలు చెక్కే తెల్లపొణికి కొయ్య ఆ కొండల అడవిలోదే. జి.కొండూరు దాటాక నేల ఎర్రబడుతుంది. కృష్ణా జిల్లా అనగానే కాలవలూ వరిచేలూ తలుచుకునేవాళ్ళకు ఈ మెట్ట పరాయి ఊరిలా కనిపిస్తుంది. సాగర్ ఎడమ కాలవ చివరి భాగం ఇటే వస్తుంది గానీ, చివరి భూములకు నీళ్ళు అందడం ఏటికేడాది మాట. ఇక్కడ మామిడి ఇంతగా పెరగడానికి అదీ ఓ కారణం. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది ఎన్టీఆర్ జిల్లా. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం తన ఊరి పేరు చెప్పి, ‘కృష్ణా జిల్లా’ అనే చేర్చాడు.

మైలవరంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారి పొడుగునా రెండు పక్కలా మామిడే. కంచెలు మాత్రం రకరకాలు. ఒక తోటకు సిమెంటు స్తంభాలూ ముళ్ళతీగా, పక్కదానికి తాటిపట్టెలు, ఆ పక్కదానికి కొత్తగా వేసిన జల్లెడ కంచె. నేను వెతుక్కుంటున్న పచ్చటి కంచె ఎక్కడో ఒకచోట, ఒక వైపు మాత్రమే, మిగతా మూడు వైపులా తీగతో అతుకులేసుకుని కనిపిస్తోంది. ఆటో కుర్రాణ్ణి అడిగితే, “వాక్కాయ కంచెలా? మా చిన్నప్పుడు అన్ని తోటలకీ అవేనండీ. ఇప్పుడు జేసీబీ పెట్టి లాగేశారు” అన్నాడు. వాడి చిన్నప్పుడంటే మహా అయితే పదిహేనేళ్ళ క్రితం.

నేను వెళ్ళిన తోట కుదప వైపు ఉంది. మా స్నేహితుడి మేనమామది. ఆయన్ని స్నేహితుడు మావయ్య అంటాడు, నాకు బాబాయ్ అయిపోయాడు. గేటు అంటూ లేదు. కంచెలో మనిషి పట్టేంత సందు, దానికి అడ్డంగా ఓ తుమ్మకొమ్మ. లోపలికి పోకుండా బయటి గట్టు మీదే ఆగిపోయాను. ముదురాకుపచ్చ ఆకులు, మందంగా, నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. ఎండాకాలం అంతా ఒక్క వానైనా లేని ఆ గట్టు మీద ఆకు రాల్చని మొక్క అదొక్కటే. మనిషెత్తు దాకా పెరిగిన పొదలు అడుగున పక్కలకు పాకి, గట్టు వాలు మీదుగా కాలవలోకి దిగి, మోకాలెత్తున నేలంతా కప్పేశాయి. వాటి కింద గడ్డి లేదు, మట్టి కోసుకుపోయిన గాడీ లేదు. పక్క తోట స్తంభాల మొదట్లో మాత్రం తొలకరి వానకే మట్టి కొట్టుకుపోయి పునాది బయటపడి ఉంది.

గుత్తులు గుత్తులుగా కాయలు. పచ్చివి లేతాకుపచ్చ, దోరవి తెలుపులో గులాబీ, ఎండ పడేవైపు మరీ ఎర్రగా, పండినవి నల్లటి ఊదా. ఒక కాయ తెంపితే తొడిమ దగ్గర పాలు కారాయి. ఇది గన్నేరు కుటుంబపు మొక్క, పాలు ఉండక తప్పదు. ముళ్ళు జంటలుగా వస్తాయి, కొన్ని కొసన మళ్ళీ రెండుగా చీలతాయి. చేతికి గుచ్చుకుంటే నొప్పి సాయంత్రం దాకా వదలదు.

“కాయ కోసేముందు చేతికి నూనె రాసుకోవాలి, పనసకాయ కోసినట్టే” అంటూ బాబాయ్ వచ్చాడు. ఒక చేతికి గోనెసంచి ముక్క చుట్టుకుని, కొక్కెంతో కొమ్మ ఎత్తి, కింద పాత చీర పరిచి కోయడం ఆ ఇంటి పద్ధతి. కూలీలు దొరకరు. దొరికినా ఈ ముళ్ళకు రారు. అందుకే చాలా కంచెల మీద కాయ పండి రాలిపోతోంది, పికిలిపిట్టలు తింటున్నాయి.

ఇంత కాయ వృథాగా పోతుంటే ఎవరూ అమ్మరా అని అడిగాను. ఆయన చెప్పిన జవాబులో నాకు తెలియని లెక్క ఒకటి ఉంది. ఇక్కడ మామిడి తోట బేరం చాలా చోట్ల పూత మీదే అయిపోతుంది. పూత చూసి వ్యాపారి డబ్బు కట్టేస్తాడు. మందు కొట్టడం, కాపలా, కోత అన్నీ అతనివే. కాయ బాగా కాస్తే లాభం అతనిది, గాలివాన వస్తే నష్టమూ అతనిదే. ఈ బేరంలో కంచె ఉండదు. అందుకని కంచె మీద కాసిన వాక్కాయ ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ళదే. “మా అమ్మ గంపకెత్తుకుని మైలవరం సంతకు పోయేది. ఆ డబ్బు మా నాన్న అడిగేవాడు కాదు, ఆమె చెప్పేది కాదు” అన్నాడు బాబాయ్. ముళ్ళతీగ వేయించిన రోజున ఆ ఇళ్ళలో ఆడవాళ్ళ ఆదాయం ఒకటి తెగిపోయిందని ఏ అంచనాలోనూ రాసి ఉండరు.

ముళ్ళతీగకు పెద్ద వయసేమీ లేదు. అమెరికాలో గ్లిడెన్ అనే రైతు దానికి 1874లో పేటెంటు తీసుకున్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దేశంలో ముళ్ళమొక్కలతో ప్రపంచంలో ఎక్కడా లేనంత పొడుగు కంచె ఒకటి ఉండేది. ఉప్పుపన్ను ఎగ్గొట్టకుండా ఇంగ్లీషు ప్రభుత్వం సింధు నది దగ్గర్నుంచి మహానది వైపు గీసిన సుంకపు గీత అది. 1869 నాటికి ఆ గీత సుమారు 3,700 కిలోమీటర్లు, కాపలాకు 12 వేల మంది దాకా మనుషులు. ఆ గీతలో కొంత భాగం పచ్చి కంచె: తుమ్మ, రేగు, జెముడు, వాటితోపాటు వాక, అంటే ఈ వాక్కాయ మొక్కే. దాన్ని శ్రద్ధగా పెంచిన అధికారుల్లో ముఖ్యుడు ఏ.ఓ. హ్యూమ్, తర్వాత కాలంలో కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడైన ఆ హ్యూమే. 1879లో ఆ గీతను ఎత్తేశారు. ఆ కథను రాయ్ మాక్సమ్ అనే ఇంగ్లీషు రచయిత 2001లో పుస్తకంగా రాసేదాకా మనకు దాని ఊసే లేదు. ఉప్పును అడ్డగించడానికి పెంచిన మొక్కే ఉప్పులో ఊరి మన అన్నంలోకి రావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక బాబాయ్ నన్ను తోట వెనకున్న గుట్ట మీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఉండేది కలివి, వాకకు చెల్లెలు. ఆకు చిన్నది, కాయ మరీ చిన్నది, పండితే బాగా తియ్యన. మేకల కాళ్ళ కిందా కట్టెలు కొట్టేవాళ్ళ కత్తుల కిందా నలిగి నలిగి అది పైకి లేవడం మానేసి, రాళ్ళ మధ్య నేలబారుగా పరుచుకుంది. కలివి ఉన్నచోట వాననీళ్ళు మెల్లగా దిగుతున్నాయి. గ్రావెల్ కోసం తవ్వేసిన పక్కవాలులో ఎర్రనీళ్ళు గాళ్ళు కోసుకుంటూ పోయాయి. 2024 సెప్టెంబరులో విజయవాడ సగం ఊరిని ముంచిన బుడమేరు పుట్టింది ఈ మైలవరం కొండల్లోనే. కలివి పొదలుంటే వరద ఆగేదని నేననను, అంత వానకు ఏ పొదా చాలదు. కానీ కొండ మీద నేలను కప్పి ఉంచే మొక్కను నరికేసి, కింద గట్లకు సిమెంటు పోస్తామంటే అది వరస తప్పిన పని.

కలివి అంటే చాలామందికి గుర్తొచ్చేది కలివికోడి. 1848లో జెర్డాన్ అనే సైనిక వైద్యుడు మొదట శాస్త్రలోకానికి చెప్పిన ఆ పిట్ట 1900 తర్వాత కంటపడక, ఇక లేదనుకున్నాక 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవుల్లో మళ్ళీ దొరికింది. పొదల మధ్య ఖాళీ నేల మీద రాత్రిపూట తిరిగే పిట్ట అది. రెడ్డిగూడెం గుట్టల మీద అది లేదు, పికిలిపిట్టలూ కౌజులే ఉన్నాయి. గుట్ట దిగుతూ బాబాయ్ జేబు నిండా కలివి పండ్లు కోశాడు. ఇద్దరి పెదాలకూ జిగురు అంటుకుంది.

ఆ సాయంత్రం వంటింట్లో బాబాయ్ వాళ్ళమ్మగారు పీట వేసుకుని వాక్కాయలు తరుగుతున్నారు. “మామ్మగారూ, నేనూ ఓ చెయ్యి వెయ్యనా?” అంటే, “వద్దు నాయనా, నీ చేతులకు పాలంటితే రెండు రోజులు పోదు” అన్నారు. కాయను నిలువునా చీల్చి, కత్తిమొనతో గింజల్ని ఒక్క విదుపుతో తీసి, ఉప్పునీళ్ళ గిన్నెలో వేస్తున్నారు. గింజ ఉంటే పప్పులో చేదు దిగుతుందట. కందిపప్పు పొయ్యి మీద విడిగా ఉడుకుతోంది. రెండూ కలిపి పడేయకూడదు, పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. మూకుట్లో నూనె కాగాక పచ్చిమిర్చి చీలికలు, వాటి మీద వడకట్టిన వాక్కాయ ముక్కలు, పసుపు. ముక్క మెత్తబడ్డాక ఉడికిన పప్పులో కలిపి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, కరివేపాకుతో తాలింపు. చింతపండు చుక్క వెయ్యలేదు.

మామిడికాయ పప్పు తిన్న నాలుకకు వాక్కాయ పప్పు మొదటి ముద్దలో కాస్త గరుకుగా తగులుతుంది. పులుపు వెనక చిన్న వగరు. నెయ్యి పడ్డాక ఆ వగరే రుచి. మామిడికాయ పప్పుకంటే ఇదే మేలని నా తీర్పు, మామిడి ఊళ్ళో కూర్చుని ఈ మాట అనడం కాస్త ధైర్యమే. మామ్మగారు ఒప్పుకోలేదు. “దేని కాలానికి అది” అన్నారు. మామిడికాయ ముదిరిపోయి పప్పులోకి పనికిరాకుండా పోయే రోజులకు వాక్కాయ దిగుతుంది, వాక్కాయ అయ్యేనాటికి కొత్త గోంగూర వస్తుంది. ఈ ఇంట్లో శ్రావణం దాకా చింతపండు డబ్బా మూత తీసే పని తక్కువ.

ఆమె దగ్గర వాక్కాయతో చేసేవి ఇంకా చాలా ఉన్నాయి. దోరకాయలతో రోట్లో నూరే పచ్చడి, ముద్ద చేసి తాలింపు పెట్టి కలిపే పులిహోర, ఆదివారం మాంసంలో చింతచిగురుకు బదులు గుప్పెడు వాక్కాయలు. నిలవ పచ్చడికి కాయ తడి లేకుండా ఆరాలి, నూనెలో మగ్గాలి, ఆవపిండీ మెంతిపిండీ కారం ఉప్పూ కలిపి జాడీకెత్తాలి. పండిన నల్లకాయలతో చేసే జెల్లీ మాత్రం ఆమెకు తెలియదు, కోడలు మైలవరంలో శిక్షణకు వెళ్ళి నేర్చుకొచ్చింది. వాక్కాయలో పెక్టిన్ ఎక్కువ, పైనుంచి ఏదీ కలపకుండానే చక్కెరతో గడ్డకడుతుంది.

మనం కిళ్ళీలోనూ కేకు మీదా తినే ఎర్రటి ‘చెర్రీ’ కూడా చాలామటుకు వాక్కాయే. గింజ తీసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, ఉడికించి, రంగు వేసి, చక్కెర పాకంలో అంచెలంచెలుగా చిక్కదనం పెంచుతూ నానిస్తారు. పులుపూ వగరూ పోయి తీపి ముద్ద మిగులుతుంది. పిల్లలకు ఆ నిజం చెప్పి, చెట్టు చూపిస్తే నమ్మరు. బాబాయ్ మనవరాలు నమ్మలేదు.

వాక్కాయలో ఇనుము విపరీతంగా ఉంటుందని, రక్తహీనతకు ఇదే మందని ఫోన్లలో తిరిగే సందేశాలు చూసే ఉంటారు. అందులో సగం నిజం ఉంది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాములకు 39 మిల్లీగ్రాముల ఇనుము అని ఉన్నది ఎండబెట్టిన వాక్కాయకు. పచ్చికాయలో 90 శాతం పైగా నీళ్ళే. పప్పులో నాలుగు ముక్కలు వేసుకుని మాత్రలు మానేయమని ఎవరైనా చెబితే వినకండి.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ కంచె పని చూపించాడు. ఆయన మాటల్లో చెబితే సులువుగా ఉంటుంది గానీ, ఓపిక కావాలి. బాగా పండి నల్లబడ్డ కాయ పిసికి, గింజ కడిగి, నీడలో ఆరనిచ్చి ఆ వారంలోనే సంచుల్లో పెట్టెయ్యాలి. దాచిపెడితే మొలక శక్తి తొందరగా పోతుంది. వచ్చే ఏడు దాకా అలా పెంచి, మళ్ళీ తొలకరికి గట్టు మీద నాటాలి. కంచెకైతే మూడడుగులకో మొక్క, రెండు వరసలు, రెండో వరస మొదటి వరస సందుల్లోకి వచ్చేటట్టు. మొదటి ఎండాకాలం మాత్రం బిందెడు నీళ్ళు పోయాలి, తర్వాత దాని మానాన అది బతుకుతుంది. రెండు మూడేళ్ళకు కాపు మొదలు. నీళ్ళు నిలిచే పల్లంలో మాత్రం వేర్లు కుళ్ళి చస్తుంది.

ఒకే చెట్టు కాయ నచ్చితే వానాకాలంలో గాలి అంటు కట్టుకోవచ్చు. కొమ్మ ముక్కలు నాటితే వేరు పట్టేవి తక్కువ. ఎంచిన రకాలు కావాలంటే పంత్‌నగర్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పంత్ మనోహర్, పంత్ సుదర్శన్, పంత్ సువర్ణ ఉన్నాయి, మహారాష్ట్రలో దాపోలి వాళ్ళ కొంకణ్ బోల్డ్ ఉంది. మామూలు అంట్లు కడియం నర్సరీల్లోనూ దొరుకుతాయి. కంచెకు మాత్రం గింజ మొక్కే మేలని బాబాయ్ వాదన, ముల్లు గట్టిగా ఉంటుందని.

కత్తిరింపు దగ్గర చాలామంది దెబ్బతింటారు. పూత కొమ్మల చివర వస్తుంది. సంక్రాంతి తర్వాత కంచె చక్కగా కనబడాలని కత్తెర వేస్తే ఆ ఏడు కాపు పోయినట్టే. కాయ కోసిన వెంటనే, వానలుండగానే కత్తిరిస్తే కొత్త చిగుళ్ళు వేసి వేసవిలో వాటి చివర్లే పూస్తాయి. తెల్లటి చిన్న పూలు, మల్లె వాసన. కొమ్మను నిలువుగా పోనివ్వకుండా పక్కలకు వంచి మట్టి కప్పుతూ వచ్చిన చోటే గట్టు వాలంతా పచ్చగా కమ్ముకుంది.

బాబాయ్ కంచెకు భక్తుడేమీ కాదు. నష్టాలు కూడా ఆయనే చెప్పాడు. ఆరడుగుల నేల తింటుంది. పాములు చేరతాయి. హద్దు దగ్గర పొద రెండడుగులు జరిగిందంటే పక్క రైతుతో పంచాయతీ. పూర్తిగా కమ్ముకోవడానికి నాలుగైదేళ్ళు పడుతుంది, ఈలోగా గొర్రెలు తొక్కకుండా మళ్ళీ దానికో కంచె. కోతుల్ని ఏ కంచే ఆపదు. అడవిపందులు మాత్రం అడుగున దట్టంగా అల్లుకున్న చోట్ల వెనక్కి తిరిగిపోతున్నాయట. తీగ కింద నుంచి దూరేవి అవే. తీగకు దొంగచాటుగా కరెంటు పెట్టి పందుల కోసం మనుషుల్ని చంపుకునే పని కంటే ఏ ముల్లయినా నయం.

వాక కుటుంబంలోనే దక్షిణాఫ్రికా తీరానిది ఒకటుంది, నేటాల్ ప్లమ్. డేవిడ్ ఫెయిర్‌చైల్డ్ అనే అమెరికా వృక్ష సేకర్త 1903లో డర్బన్ నుంచి వేల గింజలు తెప్పించాడు. ఇప్పుడు కాలిఫోర్నియాలో ఇళ్ళ ముందూ రోడ్ల పక్కనా నేలను కప్పడానికి పొట్టి రకాలు నాటుతారు, వాటిలో ఒకదాని పేరే గ్రీన్ కార్పెట్. కాయ పెద్దది, ఎర్రది, మన వాక్కాయ కంటే తీపి. అక్కడున్న మనవాళ్ళు చాలామంది ఆ మొక్క పక్కనుంచే నడుస్తూ, ఇండియన్ స్టోరులో వాక్కాయ పచ్చడి సీసా వెతుక్కుంటారు. కాయ బాగా ఎర్రగా పండాకే తినాలి, ఆకూ కొమ్మా నోట పెట్టకూడదు. వాటికి మందు కొట్టారో లేదో కూడా కనుక్కోవాలి.

వాకను అడవి మొక్కగానే వదిలేశామన్నది పూర్తిగా నిజం కాదు. సామర్లకోటలో తోట పెట్టి ఉత్తర సర్కారుల మొక్కల్ని పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, 1795లో అచ్చు మొదలైన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మ వేయించాడు. ఇన్నేళ్ళలో మామిడికి మాత్రం నూజివీడులో పరిశోధన కేంద్రమే వచ్చింది, రెడ్డిగూడెం నుంచి అది ఎంతో దూరం కాదు. మామిడి రైతుకు ఇచ్చే సలహాల్లో కంచె గురించి కూడా రెండు మాటలు చేరిస్తే బాగుంటుంది. జగ్గయ్యపేట దగ్గర గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల గట్టు మీద ఒక వరస వాక నాటి చూపిస్తే, రైతు కళ్ళతో చూసి నమ్ముతాడు.

ఉన్న ముళ్ళతీగ పీకేయమని నేను చెప్పను, డబ్బు పోసి వేయించుకున్నది. తీగకు లోపలి వైపు రెండడుగుల్లో ఒక వరస వాక నాటితే, స్తంభాలు ఒరిగే నాటికి మొక్క సిద్ధంగా ఉంటుంది. పొలం లేనివాళ్ళు కూడా ప్రహరీ పక్కన ఒక మొక్క వేసుకోవచ్చు, ఒకటి చాలు ఒక ఇంటి పప్పుకు. శ్రావణంలో బజారుకు వెళ్ళినప్పుడు వాక్కాయల బుట్ట కనిపిస్తే దోరవాటితోపాటు బాగా నల్లబడ్డవి కూడా ఓ గుప్పెడు అడిగి తెచ్చుకోండి. గింజ ఆ వారంలోనే మట్టిలో పెట్టండి.